షుగర్ ఉన్నవారి కాలు ఎక్కడ చూపించాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఉన్న దారులు

మా అమ్మ కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత ఆనెకాయ ఉండేది. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో ఇంటికొచ్చి ఇంజెక్షన్లు చేసే ఆయన ఒకరోజు దాన్ని కొత్త బ్లేడుతో చెక్కాడు. అమ్మకు నొప్పి అనిపించలేదు. పన్నెండు రోజుల తర్వాత నేను ఇంటికి వెళ్ళేసరికి గదంతా వాసన. కట్టు విప్పితే ఆనెకాయ ఉన్నచోట గొయ్యి, పక్కన రెండో వేలు నల్లబడి ఉంది. "చెప్పలేదేంటమ్మా?" అంటే, "నొప్పేటీ లేదురా నాయినా, నొప్పుంటే చెప్పనా?" అంది. ఆ వేలు తీసేశారు. కాలు నిలిచింది.

ఆ తర్వాత మూడు నెలలు తిరిగాం. టౌన్లో షుగర్ డాక్టరు, పెద్దాసుపత్రి, విశాఖ, మళ్ళీ ఇంటి దగ్గర డ్రెస్సింగ్. ఎవరిని కలిసినా "మంచి ఆసుపత్రి ఏది?" అనే అడిగాం. ముందు తేల్చుకోవాల్సింది ఈ కాలు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అని. అది తెలిస్తే ఎక్కడికి వెళ్ళాలో చాలావరకు తెలిసిపోతుంది. మన రెండు జిల్లాల్లో ఉన్న దారులను ఆ వరుసలోనే పోల్చి చెబుతాను.

ముందు ఇంట్లో చూసుకోవాల్సింది

షుగర్ ఉన్న మనిషిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో రెండు కాళ్ళ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, మెల్లగా, ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కవద్దు, గీరవద్దు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. మొత్తం ఆరు చోట్లలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే కాలికి స్పర్శ తగ్గిందని అర్థం. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను డాక్టర్లు కూడా గుర్తిస్తారు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదని ఎవరైనా చెబితే అది కూడా ఇదే సంగతి.

తర్వాత వెలుతురులో అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూడండి. మన ఆడవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పసుపు రాసుకున్న పాదంలో ఎరుపు కనిపించదు, కాబట్టి కడిగాకే చూడాలి. మెట్టెల కింద తప్పకుండా చూడాలి. కాలు వాచినప్పుడు మెట్టె వేలిని ఉంగరంలా బిగించి కోస్తుంది, స్పర్శ లేని వేలికి ఆ కోత తెలియదు. మా అమ్మ మెట్టెలు తీయడానికి ఒప్పుకోలేదు. చివరికి వదులుగా ఉండేవి చేయించాం.

చూశాక ఏం చేయాలంటే: స్పర్శ బాగుండి పుండు లేకపోతే ఏడాదికి ఒకసారి డాక్టరుతో పాదాలు పరీక్ష చేయించుకుంటే చాలు. స్పర్శ తగ్గితే, లేదా కాలికి రక్తప్రసరణ తగ్గితే, 6 నుంచి 12 నెలలకోసారి. ఆ రెండూ కలిసి ఉన్నా, లేదా వాటిలో ఒకదానికి తోడు వేళ్ళు వంకరపోవడం లాంటి ఆకార మార్పు ఉన్నా 3 నుంచి 6 నెలలకోసారి. స్పర్శ గానీ రక్తప్రసరణ గానీ తగ్గినవారికి ఇదివరకే పుండు పడి మానినా, వేలు తీసేసినా, కిడ్నీలు చివరి దశకు చేరినా 1 నుంచి 3 నెలలకోసారి చూపించాలి. డయాబెటిక్ ఫుట్‌పై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పే లెక్క ఇది. మా అమ్మ ఆఖరి రకం. ఆమెను ఏడాదికోసారి చూపిస్తే సరిపోతుందనుకోవడమే మేం చేసిన మొదటి తప్పు.

ఉద్దానం వైపు వాళ్ళు కిడ్నీల గురించి చెప్పిన ఆ మాటను ఇంకోసారి చదవండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. షుగర్‌తో పాటు డయాలసిస్ కూడా చేయించుకుంటున్నవారి కాళ్ళు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండా ఉంటే మడమలు ఒత్తుకుని పుండు పడుతుంది. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. వారానికి ఒకసారైనా డయాలసిస్ సిస్టర్‌ని మేజోళ్ళు తీసి చూడమని అడగండి. కాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనవద్దు, వాటిలో చాలా రకాలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ఏ చోటైనా కాలి వైద్యానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

కొన్ని దేశాల్లో పాదాలకే ప్రత్యేకంగా చదువుకున్న పోడియాట్రిస్టులు ఉంటారు. గోళ్ళు, ఆనెకాయలు, పుండ్లు, చెప్పులు అన్నీ వాళ్ళే చూస్తారు. మన దగ్గర అలాంటి మనిషి ఒక్కడు దొరకడం కష్టం. షుగర్ డాక్టరు మందులు చూస్తారు, పుండును సర్జన్ చూస్తారు, ఎముకను ఆర్థో డాక్టరు, రక్తనాళాలను వాస్కులర్ సర్జన్ చూస్తారు. చెప్పుల సంగతి ఎవరూ చూడరు. ఈ ముక్కలన్నీ కలిపే పని ఇంట్లోవాళ్ళ మీదే పడుతుంది. అందుకే బోర్డు మీది డిగ్రీల కంటే ఆ గదిలో జరిగే పని చూడమంటాను.

కూర్చోగానే చెప్పులు, మేజోళ్ళు తీయించారా? 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారంతో అరికాలిలో అక్కడక్కడా తాకి అడిగారా? 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ ఎముకకు ఆనించి కంపనం తెలుస్తోందా అని అడిగారా? పాదం పైన, చీలమండ వెనక నాడి పట్టుకుని చూశారా? మీరు వేసుకొచ్చిన చెప్పులు చేతిలోకి తీసుకుని చూశారా? పుండు ఉంటే, దాని మీద బరువు పడకుండా ఎలా నడవాలో చెప్పారా? ఇవన్నీ చేసేది చిన్న క్లినిక్ అయినా మంచిదే. కాలు ముట్టుకోకుండా రిపోర్టులు చూసి మందులు మార్చి పంపేస్తే అది షుగర్ వైద్యం అవుతుంది, కాలి వైద్యం అవదు. మా అమ్మ నాలుగేళ్ళు ఒక క్లినిక్‌కు వెళ్ళింది. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చెప్పులు విప్పమని ఎవరూ అనలేదు. మేమూ చూడమని అడగలేదు. అడగాలని తెలియదు.

పుండు లేనప్పుడు: టౌన్ క్లినిక్కా, పెద్దాసుపత్రా, పీహెచ్‌సీయా?

ఈ దశలో దగ్గరగా ఉన్నదే మంచిది, ఎందుకంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మీరు ఎప్పుడూ చూపించుకునే షుగర్ డాక్టరు దగ్గర పైన చెప్పిన పరీక్ష చేయించుకోగలిగితే అంతకంటే సులువు లేదు. ఫీజు ఉంటుంది, కానీ పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు, ఒక రోజు కూలి పూర్తిగా పోదు. పరీక్ష గురించి సిగ్గుపడకుండా ముందే అడగండి. "డాక్టరుగారూ, దారంతో కాళ్ళు చూసే పరీక్ష మీ దగ్గర చేస్తారా?" అంటే సరిపోతుంది.

పీహెచ్‌సీ గానీ ఊళ్ళో ఉన్న హెల్త్ క్లినిక్ గానీ షుగర్, బీపీ కొలతకు, మందులకు బాగా పనికొస్తుంది. ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో ఇంటికి వచ్చినప్పుడు కాళ్ళు కూడా చూపించే అలవాటు చేసుకోండి. వాళ్ళు వైద్యం చేయకపోయినా "ఇది తీసుకెళ్ళి చూపించండి" అనే మాట సమయానికి చెబితే చాలు, ఆ ఒక్క మాట మాకు దొరికి ఉంటే వేలు మిగిలేది.

ఆనెకాయలు, దళసరి గోళ్ళు ఉన్నవారికి ఇక్కడే పెద్ద చిక్కు. వాటిని ఎవరు తీయాలి? మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాప్‌లో ఆమ్లం ఉంటుంది. అది ఆనెకాయను, దాని చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కలిపి కాలుస్తుంది. షుగర్ ఉన్న కాలికి అది వాడకూడదు. ఇంట్లో బ్లేడు, ఊళ్ళో కాంపౌండరు చేతిలో బ్లేడు, రెండూ వద్దు. బ్యూటీ పార్లర్ పెడిక్యూర్ గోళ్ళకు రంగు వేసుకునేవరకు సరే. స్పర్శ తగ్గినవారు అక్కడ వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు, మడమలు గీకించుకోకూడదు, గోళ్ళ మూలలు తవ్వించుకోకూడదు. జిల్లేడు పాలు, సున్నం, వేడి ఇటుక కాపడం గురించి కూడా ఇంతే చెబుతాను. మన పెద్దవాళ్ళు వాటితో ముల్లు తీసుకున్నారు, నొప్పి తగ్గించుకున్నారు, నిజమే. కాలితే వాళ్ళకు తెలిసేది, వెంటనే కాలు వెనక్కి లాక్కునేవాళ్ళు. ఆ తెలివిడి పోయిన కాలికి ఆ వైద్యం పనికిరాదు. ఆనెకాయను సర్జన్ దగ్గర గానీ, పాదాల పని తెలిసిన క్లినిక్‌లో గానీ పలచగా చెక్కించుకోవాలి. ఒత్తిడి వల్ల వచ్చేది కాబట్టి చెప్పు మార్చకపోతే మళ్ళీ వస్తుంది.

పుండు పడ్డాక: ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు మెడికల్ కాలేజీ, విశాఖ

అన్నిటికంటే ముందు, ఆ రోజే బయల్దేరాల్సిన గుర్తులు చెబుతాను. పుండు చుట్టూ ఎరుపు పాకుతుంటే, చీము, చెడు వాసన వస్తుంటే, ఏ వేలైనా నల్లబడినా నీలంగా మారినా, చలిజ్వరం వచ్చినా, లేదా ఎప్పుడూ అదుపులో ఉండే షుగర్ ఉన్నట్టుండి మూడు వందలు దాటిపోయినా, ఏ ఆసుపత్రి మంచిదని ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. దగ్గర్లో సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి, కావాలంటే 108 పిలవండి. అక్కడ చీము తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక మిగతా ఆలోచన చేయవచ్చు. ఇంకొకటి, పుండు లేకుండానే ఒక పాదం ఎర్రగా వేడిగా వాచి, నొప్పి మాత్రం అంతగా లేకపోతే బెణుకు అనుకోవద్దు. షార్కో ఫుట్ అనే జబ్బులో లోపలి ఎముకలు విరిగి పాదం ఆకారమే పోతుంది, మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఆ కాలు మీద నడవడం ఆపి, వెంటనే చూపించాలి.

అంత అత్యవసరం కాని పుండుకు శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, మనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలుస్తాం. విజయనగరంలో మహారాజా ఆసుపత్రి 2023లో వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి అయింది. ఈ రెండింటిలోనూ సర్జరీ, జనరల్ మెడిసిన్, ఆర్థో విభాగాలు ఒకే ఆవరణలో ఉంటాయి. ఓపీ చూపించుకోవడానికి డబ్బు ఖర్చు కాదు. ఇబ్బందల్లా క్యూ. పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకుంటే మధ్యాహ్నం దాకా పడుతుంది. ఒకసారి చూసిన డాక్టరు మళ్ళీ ఆ రోజు ఉండకపోవచ్చు. పుండు గతవారం కంటే తగ్గిందా పెరిగిందా అన్నది చూసినవాళ్ళకే తెలుస్తుంది కాబట్టి, అదే యూనిట్, అంటే అదే డాక్టర్ల బృందం, ఓపీ వారంలో ఏ రోజుల్లో ఉంటుందో చీటీ మీద రాయించుకుని ఆ రోజుల్లోనే వెళ్ళండి. మేం మొదట రెండు వారాలు ఏ రోజు వీలైతే ఆ రోజు వెళ్ళాం, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రులు. అన్ని విభాగాలూ ఒకే చోట ఉండడం వీటి బలం. టౌన్‌లో ఉండే చిన్న నర్సింగ్ హోమ్‌తో పోలిస్తే, పుండు ఎముకదాకా వెళ్ళిందేమో అని అనుమానం ఉన్నప్పుడు ఇలాంటి చోటే మేలు అంటాను. సర్జన్, ఆర్థో, మెడిసిన్ డాక్టర్లు ఒకే కాలును ఒకే రోజు చూడగలరు. నర్సింగ్ హోమ్‌లో మనిషికి శ్రద్ధ ఎక్కువ దొరుకుతుంది, ఒకే డాక్టరు కనబడతారు, కానీ ఎక్కువగా ఒక్క నైపుణ్యమే ఉంటుంది.

చేర్చుకుని ఆపరేషన్ చేయాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, వర్తిస్తుందేమో చేరకముందే అడగండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ఆధార్, బియ్యం కార్డు వెంట ఉంచుకోండి. మామూలుగా రోజూ కట్టే డ్రెస్సింగ్‌కు, చెప్పులకు ఆ డబ్బు రాదు, ఆ ఖర్చు మీరే లెక్కేసుకోవాలి.

విశాఖ ఎప్పుడు? శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది, విజయనగరం నుంచి సుమారు అరవై. ప్రతి డ్రెస్సింగ్‌కు అంతదూరం వెళ్ళడం వృథా, ప్రయాణంలో కాలు వేలాడుతూ వాచిపోతుంది కూడా. పాదంలో నాడి అందకపోతే మాత్రం వెళ్ళి తీరాలి. చేతి బీపీతో చీలమండ బీపీని పోల్చి చూసే ఏబీఐ అనే పరీక్ష ఉంది. అది 0.9 కంటే తక్కువ వస్తే రక్తనాళాలు మూసుకుంటున్నాయని అర్థం. షుగర్ చాలాకాలంగా ఉన్నవారిలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో నాళాలు గట్టిపడి 1.3 దాటి కూడా వస్తుంది. అది బాగుందని కాదు, ఆ పరీక్షను నమ్మలేమని అర్థం. అప్పుడు నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్, కాలి వేలి దగ్గర పీడనం చూడడం లాంటివి కావాలి. రక్తం అందని కాలికి ఎంత ఖరీదైన మలాం రాసినా పుండు మానదు. మంచి డ్రెస్సింగ్, పుండు మీద బరువు పడకుండా చూడడం రెండూ సరిగ్గా చేస్తున్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు చిన్నది కాకపోయినా ఇదే దారి. వాస్కులర్ సర్జన్లు, పాదాలకే ప్రత్యేకంగా ఉన్న క్లినిక్‌లు మనకు దగ్గరగా దొరికేది విశాఖలోనే. ప్రైవేటుకు స్తోమత లేనివారు స్థానిక ఆసుపత్రి నుంచి రిఫరల్ రాయించుకుని విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళ్ళవచ్చు.

వేలు తీయాలి, కాలు తీయాలి అని ఎవరైనా చెబితే ఒక్క ప్రశ్న అడగండి. "రక్తప్రసరణ చూశారా?" ప్రాణాపాయం ఉన్న ఇన్ఫెక్షన్ అయితే ఆలస్యం చేయకూడదు, సంతకం పెట్టండి. రెండు రోజులు ఆగగలిగిన స్థితి అయితే రక్తనాళాల డాక్టరు చూశాకే ఎంత మేర తీయాలో తేల్చమనండి. నాళం తెరిస్తే తీయాల్సింది తగ్గవచ్చు, తీసినచోట గాయమూ మానుతుంది. రక్తనాళాలు చూసే యాంజియోగ్రామ్‌కు రంగుమందు ఎక్కిస్తారు, అది కిడ్నీని దెబ్బతీయవచ్చు, కాబట్టి కిడ్నీ సంగతి ముందే చెప్పాలి.

అందరూ వదిలేసేది: చెప్పులు

అరికాలి పుండుకు అసలు మందు దాని మీద అడుగు పడకపోవడం. మోకాలి దాకా పట్టీ వేసి బరువును కాలంతా పంచే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అనే కట్టు ఉంది. రక్తప్రసరణ బాగుండి, ఇన్ఫెక్షన్ లేనప్పుడు అరికాలి ముందుభాగం పుండుకు ఇలా విప్పలేని కట్టే ఎక్కువ పనిచేస్తుంది. విప్పగలిగే బూటు ఇస్తే ఇంట్లో విప్పేసి వంటింటికి నడుస్తారు. మా అమ్మ అదే చేసింది. పొలం పనులున్నవాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు ఈ కట్టుతో ఇబ్బంది పడతారు, డాక్టరుతో అది మాట్లాడి ఎంచుకోవాలి.

పుండు మానాక ఎమ్‌సీఆర్ చెప్పులు. మెత్తటి మైక్రో సెల్యులర్ రబ్బరు అడుగు, కింద గట్టి సోలు, వెనక పట్టీ, వెల్క్రో. మన దేశంలో ఇవి ముందు కుష్ఠు రోగుల కోసం వచ్చాయి. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ రోగుల వేళ్ళు జబ్బుతో కుళ్ళి రాలడం లేదని, నొప్పి తెలియక దెబ్బలు తిని పోతున్నాయని చూపించాడు. షుగర్ కాలిదీ అదే కథ. స్పర్శ లేని పాదాలతో దశాబ్దాల అనుభవం ఉన్న ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి మన పక్కనే సాలూరులో ఉంది. పార్వతీపురం, బొబ్బిలి వైపు వాళ్ళు చెప్పుల గురించి అక్కడ అడిగి చూడండి. కుష్ఠు ఆసుపత్రి అనే పేరు చూసి వెనకాడవద్దు.

షాపులో "డయాబెటిక్ చెప్పులు" అని రాసి ఉన్నవన్నీ ఇవి కావు. బొటనవేలితో నొక్కితే అడుగు దిగి మళ్ళీ లేవాలి. కాగితం మీద నిలబడి పాదం గీత గీయించుకుని, కత్తిరించి షాపుకు తీసుకెళ్ళండి. ఆ కాగితం చెప్పులో మడత పడకుండా పట్టాలి. సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కొంచెం వాచి ఉంటుంది. హవాయి చెప్పులు వేళ్ళ మధ్య కోస్తాయి, జారిపోతాయి. అవి బాత్రూముకు కూడా వద్దు. రోజూ వేసుకునే ముందు చెప్పులో చెయ్యి పెట్టి తడమాలి.

చెప్పులు విప్పే చోట్ల గురించి కూడా ఆలోచించాలి. అరసవల్లిలో రథసప్తమి, విజయనగరంలో సిరిమానోత్సవం, సింహాచలం గిరి ప్రదక్షిణ, అయ్యప్ప దీక్ష. వీటిలో దేనికీ వెళ్ళవద్దని మా అమ్మకు చెప్పలేను. ఎండెక్కకముందే దర్శనం, మందపాటి తెల్ల మేజోళ్ళు, ఇంటికి రాగానే కాళ్ళు కడిగి చూడడం అని ఒప్పందం చేసుకున్నాం. తెల్లవి ఎందుకంటే రక్తం అంటితే కనిపిస్తుంది. స్పర్శ పోయినవారు 32 కిలోమీటర్ల ప్రదక్షిణను, 41 రోజులు చెప్పులు లేని దీక్షను పెట్టుకోకూడదనే నా మాట. గురుస్వామితో మాట్లాడితే చెప్పులకు మినహాయింపు ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

ఇంటి దగ్గర డ్రెస్సింగ్

దూరం వల్ల ఎక్కువమందికి రోజువారీ కట్టు ఊళ్ళోనే కట్టించుకోక తప్పదు. అదేమీ తప్పు కాదు. పెద్ద డాక్టరు ఏం వాడాలో, ఏం వాడకూడదో కాగితం మీద రాసివ్వాలి, కట్టేవాళ్ళు అదే చేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ తెప్పించడం, పసుపు పొడి చల్లడం, యాంటీబయాటిక్ మాత్ర నలిపి పుండులో వేయడం ఒప్పుకోకండి. నర్సింగ్ చదివినవాళ్ళు దొరికితే వాళ్ళకే మొదటి ప్రాధాన్యం.

నేను బెంగళూరులో ఉంటాను, మా చెల్లి ఆమదాలవలసలో. ప్రతి ఆదివారం చెల్లి అమ్మ రెండు కాళ్ళనూ ఫొటో తీసి పంపుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టి, ఎప్పుడూ ఒకే కిటికీ వెలుతురులో. రెండు నెలలకోసారి సర్జన్ ముందు ఆ ఫొటోలు వరుసగా తిప్పి చూపిస్తాం. మొన్న శ్రావణమాసంలో ఎడమ మడమ మీద గోధుమగింజంత మచ్చ ఫొటోలో కనిపించింది. సోమవారమే తీసుకెళ్ళారు. కొత్త చెప్పు పట్టీ రాసుకుని వచ్చిన బొబ్బ అని తేలింది, పట్టీ మార్పించారు, పది రోజులకు మానింది.